పద్నాలుగు పిడికిళ్ళ హరీసా

లెనినాకాన్,
18 డిసెంబరు 1930

అక్కా,

‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను’ అని ఇక మీదట మొదలుపెట్టను. అరిగిపోయిన మాటలతో ఉత్తరాలు రాసేవాళ్ళని మా యువజన సంఘంలో ఏడిపిస్తున్నాం. సూటిగా విషయానికొస్తాను. జనవరి ఆరున వచ్చే మన క్రిస్మస్‌కి ఈసారి రాను. రాలేక కాదు, రాకూడదని.

మిల్లులో పని దిగాక మేం పదకొండుమందిమి కూర్చుని కరపత్రాలు చదువుతున్నాం. దేవుడి మీద నాలుగు, ధాన్యం మీద రెండు, సొంత ఆస్తి మీద ఒకటి. ఆ ఆఖరుదాన్ని అట్ట ఊడేదాకా చదివాను. చదివినకొద్దీ నాకు నానమ్మ వండే హరీసా గుర్తొచ్చి ఒళ్ళు మండుతోంది. నవ్వకు. ఇక్కడ రొట్టెకి చీటీలు. మగ్గాల దగ్గర ఆడపిల్లలు కళ్ళు తిరిగి పడిపోతున్నారు. అక్కడ మీరు మాత్రం పుట్టాడో లేదో తెలియనివాడి పుట్టినరోజుకి కుండెడు గోధుమలు ఉడికించి, కోడిని వేసి, తెల్లారేదాకా పొయ్యిలో పెట్టి, పొద్దున్నే ఎనిపి, పైన వెన్న పోసుకు తింటారు. పైగా ఆ పిడికిళ్ళ తతంగం ఒకటి! నానమ్మ ఒక్కో పిడికెడూ పోస్తూ ఏదో జపం చేసినట్టు పెదవులు కదపడం, అది అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదనడం. మూఢనమ్మకానికి ముక్కూ చెవులూ ఉంటే అచ్చం అలాగే ఉంటుంది.

వండొద్దని నానమ్మకి చెప్పు. నేను చెప్పానని చెప్పు. కొన్నాళ్ళలో నా పేరు నువ్వు ఒకచోట చూస్తావు. అంతకంటే ఇప్పుడు చెప్పను.

నీ తమ్ముడు,
నిప్పురవ్వ ఖోరెన్


గార్నాబెర్డ్,
26 డిసెంబరు

చిరంజీవి ఖోరెన్‌ని దీవించి అక్క సాల్వీ రాయునది.

దీవెన అక్కర్లేకపోతే మళ్ళీ టపాలో వెనక్కి పంపించు. నాకు అక్షరాలు నేర్పింది నువ్వే. ఆ వేసవిలో నీ కరపత్రాల మీదే వేలు పెట్టి దిద్దించావు. అందుకని నా దస్తూరీలో తప్పులుంటే అవి నీ గురువుగారివే.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. “ఏమంటాడు మన నిప్పురవ్వ?” అన్నాడు. ఆ పేరు పెట్టుకున్నప్పటినుంచీ మానుక్‌కి నువ్వు నిప్పురవ్వవే. “పండగకి రాడట, దేవుడు లేడట” అన్నాను. “దేవుడు లేకపోతే మానె. తెడ్డు తిప్పడానికి మనిషి ఉండాలిగా” అన్నాడు. పశువులపాక కట్టడానికి రాళ్ళు మోసి మోసి ఆయన కుడిభుజం పైకి లేవడం లేదు. నిజంగానే ఈసారి నీ చేతులు కావాలి. నానమ్మకి చెబితే ఏమందో తెలుసా? “నమ్మమని వాణ్ణి ఎవరడిగారే? హరీసా నమ్మేది కాదు, తినేది.”

గోధుమలు తడిపి రోట్లో పొట్టు తీయడం నిన్ననే మొదలుపెట్టాం. మాంసానికి ఒక ముసలి కోడి ఉంది. గుడ్డు పెట్టడం మానేసి ఏడాదైంది, అరవడం మాత్రం మానలేదు. నిన్ను తలుచుకుంటూ దానికి గింజలు వేస్తున్నాను.

ఇంకో మాట. ఉత్తరాల్లో గోధుమల సంగతి రాయకు. ధాన్యం పట్టుకెళ్ళే సర్కారువాళ్ళు అక్టోబరులో వచ్చారు. ఇవ్వమన్నదంతా ఇచ్చాం. పాతరలో మిగిలింది వసంతంలో చల్లుకునే విత్తనం. ఆ రెండు బస్తాలూ ఉంటే మేమున్నట్టు, లేకపోతే లేనట్టు.

ఆ పిడికిళ్ళని వెటకారం చేశావు. దాని వెనక ఒక సంగతుంది. నీకు చెప్పాలని నేను, వద్దని నానమ్మ, ఎన్నేళ్ళుగానో పోట్లాడుకుంటున్నాం. “వాడొక్కడైనా బరువు లేకుండా పెరగనీ” అంటుంది ఆవిడ. ఈసారి నేనే నెగ్గాను. కాగితం మీద పెట్టేది కాదు. పండగకి రా, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చెబుతాను.

నీ అక్క,
సాల్వీ


లెనినాకాన్,
3 జనవరి 1931

అక్కా,

అచ్చయింది! ఇందులో పెట్టిన పేపరు ముక్క చూడు. నాలుగో పేజీ, పై సగమంతా నాదే. ‘పండగ కుండలో దాగిన ధాన్యం – నిప్పురవ్వ.’ మిల్లులో ఆడపిల్లలకి నేనే చదివి వినిపించాను. ఒకామె చప్పట్లు కొట్టింది.

నీ ఉత్తరం వచ్చేసరికే ఇది అచ్చుకి వెళ్ళిపోయింది. ముందే వచ్చినా ఆపేవాణ్ణి కాదు. ఎందుకంటే చదివితే నీకే తెలుస్తుంది, నేను మన ఇంటిమీద రాయలేదు. మన ఇంటి కోసం రాశాను. చిన్నప్పుడు, ఇంట్లో తిండి చాలక నన్ను చేర్చిన అనాథాశ్రమం నుంచి సెలవులకి వచ్చినప్పుడల్లా నానమ్మ పక్కన కూర్చుని ఆ పేర్లు వినేవాణ్ణి. ఆవిడ గొణుగుతుంది గానీ నావి పిల్లచెవులు. ఇప్పటికీ ఒక్కటీ పోలేదు. కమ్మరి పెతో ఇంటిది పిడికెడు. తిరగలి వర్దో ఇంటిది పిడికెడు. ఇలా పద్నాలుగిళ్ళు, ఆఖరుది మనది. తక్కినవాళ్ళెవరూ మన వీధిలో లేరు, అంటే ఎగువపేట మోతుబరులన్నమాట. వాళ్ళ మొహాలైనా నేను చూడలేదు. అక్టోబరులో ‘మా దగ్గర గింజ లేదు’ అని ఏడ్చి, జనవరిలో ఒక అమాయకపు ముసలమ్మ కుండలో పిడికెడేసి పోసి పుణ్యం కొనుక్కునేది వీళ్ళే. పిడికెడు పోసినవాడి ఇంట్లో బస్తా ఉండదా? అదే రాశాను. పేర్లతో సహా రాశాను. నిజానికి ముసుగెందుకు?

మన ఇంటి పేరు మాత్రం వదిలేశాను. బావకేం భయం లేదని చెప్పు.

నిప్పురవ్వ


గార్నాబెర్డ్,
9 జనవరి

ఖోరెన్,

నీ ఉత్తరం కంటే ముందే నీ పేపరు వచ్చింది.

ఆరో తేదీ పొద్దున్నే కుండ పైకి తీశాం. మానుక్ ఎడంచేత్తో ఎనుపుతున్నాడు. మన ఊరి కమిటీ అవాగ్, పట్నం నుంచి వచ్చిన తోలుకోటు మనిషి, ఇంకో నలుగురు వచ్చారు. అవాగ్ చేతిలో పేపరుంది. మా అందరినీ వాకిట్లో నిలబెట్టి, “ఈ ఇళ్ళు ఎక్కడున్నాయో చూపించండి. నా జాబితాలో లేవు. ఎగువపేటంతా తిరిగొచ్చాను, అక్కడా లేవు” అన్నాడు. అని పేర్లు పిలవడం మొదలుపెట్టాడు, బడిలో హాజరు పిలిచినట్టు.

“కమ్మరి పెతో!”

నానమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి నిలబడింది. “బావిలో” అంది.

“ఏమిటవ్వా?”

“పెతో బావిలో ఉన్నాడు. కొడుకులిద్దరూ ఆయన మీద.”

“తిరగలి వర్దో!”

“ఏట్లో.”

“మంత్రసాని ఆల్మాస్త్!”

“దారిలో. రెండోరోజున. నీళ్ళడిగింది. నా దగ్గర లేవు.”

అవాగ్ అక్కడ పేపరు కిందికి దించాడు. వాడికి అర్థమైంది. తోలుకోటు మనిషికి కాలేదు. “ఊఁ, చదువు” అన్నాడు. పదమూడు పేర్లూ చదివించాడు, ఖోరెన్. పదమూడింటికీ నానమ్మ జవాబు చెప్పింది. కంట తడి లేదు. పదిహేనేళ్ళకి ఎవరో వచ్చి వాళ్ళ గురించి అడిగారని, తప్పు లేకుండా చెప్పాలని నిలబడినట్టుంది.

ఇప్పుడైనా తెలిసిందా? వాళ్ళు ఎగువపేటవాళ్ళు కారు. మన పాఘ్‌జూర్‌వాళ్ళు. సరిహద్దుకి అవతల, ముష్ దగ్గర మన పాత ఊరు, ఒకటే వీధి, పద్నాలుగిళ్ళు. సైన్యం వచ్చిపడి దొరికినవాళ్ళని చంపి, మిగిలినవాళ్ళని తరిమినప్పుడు నీకు మూడేళ్ళు, నాకు తొమ్మిది. నిన్ను నానమ్మ వీపున కట్టుకుంది, నేను కొంగు పట్టుకున్నాను. ఆ వీధి నుంచి బతికి బయటపడింది మనం ముగ్గురమే. ఆ పిడికిళ్ళన్నీ మన పాతరలోవే. ఏటి దగ్గర్నుంచి కొండ దాకా, ఇళ్ళ వరసలో, ఇంటికో పిడికెడు పోస్తుంది. పండగరోజు ఎవరూ పస్తుండకూడదని.

తోలుకోటు మనిషి ‘బావి’ అని కాగితం మీద రాసుకున్నాడు. ఇద్దర్ని పంపి మన వీధి బావి తోడించాడు, గోధుమల కోసం. ఏమీ దొరకలేదు. అప్పుడు మానుక్ “బావులెందుకు, పాతర నేనే చూపిస్తా. అది నాది, విత్తనం” అన్నాడు. తవ్వి రెండు బస్తాలూ తీశారు. “మిగతా పదమూడిళ్ళ ధాన్యం?” అన్నాడు ఆ మనిషి. మానుక్ నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. “ఆ సంగతి వాళ్ళనే అడగండి” అన్నాడు. చెప్పేదాకా నీ చోటు పట్నం ఠాణాలోనే అని తీసుకుపోయారు.

వెళ్ళేముందు ఆ నలుగురూ హరీసా తిన్నారు. ఆకలితో ఉన్నారు పాపం, వేళ్ళు కాల్చుకుంటూ తిన్నారు. అవాగ్ ముట్టుకోలేదు. చిన్నప్పటినుంచీ ప్రతి పండగకీ మన కుండలోంచే తిన్నవాడు.

ఒక్కటి అడుగుతాను. నిజానికి ముసుగెందుకన్నావు. మరి పద్నాలుగో పేరు, మన ఇంటి పేరు, ఎందుకు రాయలేదు? పేరు లేకపోయినా ఈ ఊళ్ళో ముష్ ముసలమ్మ ఒక్కర్తే అని అవాగ్‌కి తెలియదా? దాచుకోవడం నీకూ వచ్చురా. మాకు పాతర, నీకు కాగితం.

సాల్వీ


లెనినాకాన్,
14 జనవరి

అక్కా,

ఎందుకు చెప్పలేదు? ఎందుకు చెప్పలేదు మీరిద్దరూ? పదిహేనేళ్ళు! ఒక్క మాట, ‘వీళ్ళు చచ్చిపోయారురా’ అన్న ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా? బరువు లేకుండా పెంచారట! అనాథాశ్రమంలో పిల్లలందరికీ చెప్పుకోవడానికి ఊరి పేరుండేది. ‘నీదే ఊరు?’ అంటే ‘గార్నాబెర్డ్’ అనేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు, అది పుట్టిన ఊరు కాదని వాళ్ళకి తెలుసు. నాకు తెలియదు. ఊరు లేనివాడికి కరపత్రమే ఊరవుతుంది. తప్పంతా నా ఒక్కడి మీద వేయకు.

రేపే పత్రికాఫీసుకి వెళ్తున్నాను. సవరణ వేయిస్తాను. మనది న్యాయమున్న రాజ్యం. పొరపాటని తెలిస్తే దిద్దుకుంటారు. బావ వారంలో ఇంట్లో ఉంటాడు, రాసిపెట్టుకో.

ఖోరెన్

మళ్ళీ చదువుకున్నాను. పైన రాసింది చింపెయ్యాలనిపించింది. చింపలేదు. బావి సంగతి తలుచుకుంటే నీళ్ళు తాగలేకపోతున్నాను.


లెనినాకాన్,
29 జనవరి

అక్కా,

జరిగింది జరిగినట్టు రాస్తాను. మూడుసార్లు తిప్పి నాలుగోసారి ఎడిటరు లోపలికి పిలిచాడు.

“నా వ్యాసంలో తప్పుంది. ఆ పదమూడిళ్ళవాళ్ళూ చనిపోయారు” అన్నాను.

“ఎప్పుడు? మొన్నా?”

“పదిహేనేళ్ళ కింద.”

“అయితే వాళ్ళ గోధుమలు ఎవరు తింటున్నట్టు?”

నేను హరీసా సంగతి మొత్తం చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. మధ్యలో ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు కూడా. ఈయన మనవాడే అనుకున్నాను. అంతా అయ్యాక తెల్లకాగితం నా ముందుకి జరిపాడు. “చూడబ్బాయ్, పత్రిక తప్పు రాయదు. రాసినవాణ్ణి ఎవరో మోసం చేసి ఉంటారు. ‘మా బావ చచ్చినవాళ్ళ పేర్ల చాటున ధాన్యం దాచాడు, నన్ను తప్పుదోవ పట్టించాడు’ అని రాసి సంతకం పెట్టు. నువ్వు నిలబడతావు. కుర్రాడివి, పనికొస్తావు” అన్నాడు.

నీకు అబద్ధం రాయను. కలం తీసుకున్నాను. వాక్యం ఆయనే చెప్పాడు, నేను రాశాను. సంతకం దగ్గర ‘ఖోరె’ దాకా రాశాను. ఆ చివరి అక్షరం పడలేదు, అక్కా. ఎందుకో ఆ క్షణంలో నానమ్మ ‘దారిలో, రెండోరోజున’ అన్నది గుర్తొచ్చింది. కలం అక్కడ పెట్టి వచ్చేశాను. ఆ కాగితం వెంట తెచ్చుకోవాలన్న తెలివి కూడా లేకపోయింది. సగం పేరు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు సంఘంలోంచి తీసేశారు. చేతులెత్తినవాళ్ళలో నాతో కరపత్రాలు చదివినవాళ్ళు పదిమందీ ఉన్నారు. మిల్లులోంచీ పంపేశారు. రైల్వేలో బొగ్గు దించే పని దొరికింది.

బావని చూశాను. రెండు నిమిషాలు, కమ్మీల అవతల. కాళ్ళమీద పడదామంటే గోడ అడ్డం. “భుజం తగ్గిందిరా. ఇక్కడ రాళ్ళు మొయ్యక్కర్లేదు” అన్నాడు. కమ్మీల దగ్గరికి జరిగి, “ఆ రోజు హరీసాకి ఉప్పు సరిపోయిందా? నేను రుచి చూడలేదు, కనుక్కుని చెప్పు” అన్నాడు. ఏం చెప్పమంటావు?

ఖోరెన్


గార్నాబెర్డ్,
21 మార్చి

ఖోరెన్,

ఉప్పు ఎక్కువైందని చెప్పు. చెప్పడానికి ఆయన ఇంకా అక్కడుంటే. మొన్న అవాగ్ వచ్చి మానుక్‌కి శిక్ష వేసి ఎక్కడో ఉత్తరాన మంచు అడవుల్లోకి పంపేశారని చెప్పాడు. ఎన్నాళ్ళకో, ఏ ఊరికో తనకి తెలియదన్నాడు. టోపీ చేత్తో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేను అనలేదు.

మంచు కరిగింది. అందరూ విత్తుతున్నారు. నేను దున్ని ఊరుకున్నాను, చల్లడానికేం లేదు. దున్నకపోతే ఊళ్ళో నవ్వుతారని దున్నాను.

నానమ్మ నిన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ పేపరు ముక్క తెడ్డు తగిలించే మేకుకి గుచ్చి పెట్టుకుంది. ఆవిడకి చదవడం రాదుగా, రోజూ నా చేత చదివిస్తోంది. “తిట్లు దాటించి పేర్లు చదవ్వే” అంటుంది. నేను చదువుతాను, ఆవిడ తల ఊపుతుంది. మొన్నొకసారి అంది: “పాఘ్‌జూర్ పేర్లు ఎక్కడా రాసిలేవే సాల్వీ. గుడి పుస్తకం గుడితోనే కాలిపోయింది. వీడు రాశాడు. వరస కూడా తప్పలేదు.” నిజమే. ఏటి దగ్గర పెతో నుంచి కొండ కింద ఆరో అనే ఆయన దాకా, నువ్వు రాసిన వరస అచ్చం వీధి వరసే. ఆ వీధి నీకు గుర్తుకూడా లేదు, అయినా ఇల్లిల్లూ తట్టుకుంటూ నడిచావు. నాకైతే ఆ మాట విని గోడకి తల బాదుకోవాలనిపించింది.

“చివర మన ఇల్లే లేదు” అంది ఆవిడ.

నువ్వు పంపిన రొట్టెముక్కలు అందాయి. ఇక పంపకు, నువ్వు తిను. నిన్ను క్షమించానని రాయాలని కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. అబద్ధం రాయనన్నావుగా, నేనూ రాయను.

సాల్వీ


గార్నాబెర్డ్,
19 డిసెంబరు 1931

తమ్ముడూ,

నానమ్మ పోయింది. పదకొండో తేదీన. జబ్బేం లేదు, తిండి లేక సన్నబడి సన్నబడి ఆరిపోయింది. ఆ పేపరు ముక్క చేతిలో పెట్టి పాతిపెట్టమంది. పెట్టాం. గొయ్యి తవ్వడానికి అవాగ్ వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. నేల రాయిలా గడ్డకట్టింది. గునపం వేస్తూ ఏడ్చాడు.

మానుక్ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. బతికే ఉన్నాడు. అలా అనుకోవడం కాదు, ఉన్నాడు.

కోతలయ్యాక ఉమ్మడి సేద్యపు కమ్యూన్ పొలంలో రాలిన వెన్నులు ఏరుకున్నాను. నలుగురితో పాటే ఏరాను, దొంగతనం కాదు. దంచితే చారెడు తక్కువ మానెడు వచ్చింది. కోడి లేదు, వెన్న లేదు. వట్టి గోధుమలే ఉడికిస్తాను. పద్నాలుగు పిడికిళ్ళు రావు, మూడేసి వేళ్ళతో పోస్తే వస్తాయి. ఆవిడ లేకపోయినా ఆరో తేదీ కుండ దిగాలి.

కానీ పేర్లు నాకు పూర్తిగా రావురా. నానమ్మ ఉంది కదా అని ఎప్పుడూ పట్టించుకోలేదు. తొమ్మిది గుర్తున్నాయి, వరస తప్పుతోంది. కాగితం ఆవిడతో పోయింది. ఇక ఆ వీధి ఉన్నది నీ బుర్రలోనే.

రాసి పంపు. ఉత్తరాలు విప్పి చూస్తున్నారని తెలుసు. నీ మీద ఇప్పటికే కన్నుందనీ తెలుసు. అయినా అడుగుతున్నాను. ఈసారి మనిల్లు కూడా రాయి.

నీ అక్క,
సాల్వీ


లెనినాకాన్,
27 డిసెంబరు 1931

అక్కకి,

అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

ముందుగా ఈ ఉత్తరాన్ని మధ్యలో విప్పి చదివే అయ్యకి ఒక మాట. ఇవి ధాన్యం దాచినవాళ్ళ పేర్లు కావు. వీళ్ళకి ధాన్యం లేదు, పొలం లేదు, సమాధి లేదు. ఒకసారి వీళ్ళని దొంగలని రాశాను, అది అచ్చు వేశారు. ఇది వేయరు. అందుకే చేత్తో రాస్తున్నాను. చదవడం అయ్యాక కవరు మళ్ళీ అతికించి పంపించండి. పండగ ఆరో తేదీన. ఈలోపు చేరకపోతే కుండ ఆగిపోతుంది. నా చిరునామా కవరు మీదే ఉంది, వెతుక్కోవక్కర్లేదు.

అక్కా, గింజలు నెమ్మదిగా పొయ్యి. మధ్యలో ఎవరితోనూ మాట్లాడకు.

ఏటి ఒడ్డున కమ్మరి పెతో ఇల్లు.
తిరగలి వర్దో ఇల్లు.
మంత్రసాని ఆల్మాస్త్ ఇల్లు.
గుడ్డి దావో ఇల్లు.
తేనెపట్ల గాస్పో ఇల్లు.
ఇద్దరు వదినల ఇల్లు.
పాదిరి కెరోబ్ ఇల్లు.
నేతగాడు ఖాచో ఇల్లు.
డోలు సహో ఇల్లు.
గొర్రెల మోసో ఇల్లు.
కుంటి షావో ఇల్లు.
కొత్తకోడలు నార్గిజ్ ఇల్లు.
కొండ కింద ఆరో వాళ్ళ ఇల్లు.

వీధి చివర, తాపీ సెరోబ్ ఇల్లు. మనది. దీనికి మూడువేళ్ళు కాదు, ఉన్నదంతా పొయ్యి.

బావ పేరున పోయకు. ఆయన గిన్నె పక్కన పెట్టు. ఉప్పు తక్కువే వెయ్యి.

పాఘ్‌జూర్ ఊరు,
తాపీ సెరోబ్ కొడుకు,
ఖోరెన్